యాభై బారల లోతు గడియారం

ఈమధ్య పెళ్లిళ్లలో మీరు గమనించే ఉంటారు. పెళ్లికొడుకు చేతికో, అతని బావమరుదుల చేతికో బరువైన ఉక్కు గడియారం ఒకటి కనబడుతోంది. నల్లని డయలు, లావుపాటి ముళ్లు, చుట్టూ అంకెలు చెక్కిన చక్రం. మూడు వందల మీటర్ల లోతు నీళ్లలోనైనా చెక్కుచెదరదని దాని మీదే రాసి ఉంటుంది. అది పెట్టుకున్నవాళ్లలో చాలామంది గోదావరిలో మెడలోతుకి దిగమన్నా దిగరనుకోండి! సముద్రం అడుగున పనిచేసే గజ ఈతగాళ్ల కోసం పుట్టిన పనిముట్టు ఇది. ఈనాడు లక్షల రూపాయల నగ అయి కూర్చుంది. నగల సంగతి గనక మనం మాట్లాడుకోవచ్చు.

ముందుగా ఒక మాట. చేతి గడియారం అసలు ఆడవాళ్ల సొత్తు. పంతొమ్మిదో శతాబ్దంలో యూరపులో మగవాళ్లు గడియారాన్ని గొలుసుతో జేబులో వేసుకునేవారు. ముంజేతికి కట్టుకోవడమంటే వాళ్ల దృష్టిలో గాజులు తొడుక్కోవడమే. 1914లో యుద్ధం వచ్చింది. కందకాల్లో జేబు తడుముకునే తీరిక లేక సిపాయిలు మణికట్టుకి కట్టుకోవడం మొదలుపెట్టారు. యుద్ధమైపోయాక మళ్లీ విప్పలేదు. ఆ రకంగా మన నగ వాళ్లకి పోయింది.

గడియారానికి నీరూ దుమ్మూ శత్రువులు. 1926లో రోలెక్స్ కంపెనీ మూత, కీ రెండూ మరలా బిగిసే గడియారం ఒకటి చేసి దానికి ఆయిస్టర్, అంటే ఆల్చిప్ప, అని పేరు పెట్టింది. పేరు బాగుంది గాని నమ్మేదెవరు? అప్పుడే లండన్‌లో మెర్సిడీస్ గ్లైట్జ్ అనే టైపిస్టు అమ్మాయి 1927 అక్టోబరు 7న ఇంగ్లీషు ఛానెల్ ఈదింది. బ్రిటిష్ స్త్రీలలో ఆమే మొదటిది. కొద్దిరోజుల్లోనే ఇంకొకామె తానూ ఈదానని బొంకి, తర్వాత ఒప్పుకుంది. దాంతో జనం ఈ పిల్లను కూడా శంకించారు. పాపం, నిజం ఈదినమ్మాయి రుజువు కోసం మళ్లీ నీళ్లలోకి దిగవలసి వచ్చింది. అక్టోబరు 21న, గడ్డకట్టే చలిలో. ఈసారి మెడలో ఒక ఆయిస్టర్ గడియారం వేలాడుతోంది. పది గంటలు దాటాక ఇక లాభం లేదని ఆమెను పడవలోకి లాగేశారు. గట్టు చేరలేదు, అయినా గడియారం మాత్రం నడుస్తూనే ఉంది. నవంబరు 24న డెయిలీ మెయిల్ పత్రిక మొదటి పేజీ నిండా ఆ గడియారం ప్రకటనే! నీళ్ల గడియారాల కీర్తికి పునాది అదే అని నా అభిప్రాయం.

అయితే ఆమె ఈదింది నీటి పైన. అడుగుకు దిగి తీరుబడిగా తిరగడం 1943లో కూస్టో, గాన్యాన్ అనే ఇద్దరు ఫ్రెంచివాళ్లు వీపుకి తగిలించుకునే గాలి సిలిండరు పరికరం కనిపెట్టాకనే సులువైంది. ఆ సిలిండరులో గాలి ఇంతసేపని లెక్క. లెక్క తప్పితే ప్రాణం మీదికి వస్తుంది. అందుకని గడియారం కావలసి వచ్చింది.

ఇక్కడ ఒక ఇల్లాలి కథ కాదు గాని, ఒక స్త్రీ కథ చెప్పాలి. స్విట్జర్లాండులో విల్లెరే అనే ఊళ్లో బ్లాంపాఁ అనే పాత గడియారాల కంపెనీ ఉండేది. అందులో చిన్నతనంలోనే పనికి కుదిరిన బెట్టీ ఫీష్టర్, యజమాని పోయాక 1933లో ఇంకొకరితో కలిసి ఆ కంపెనీనే కొనుక్కుంది. ఆ దేశంలో ఆడవాళ్లకి పార్లమెంటు ఎన్నికల్లో ఓటు వచ్చింది 1971లో! అంతకు దాదాపు నలభై ఏళ్ల ముందే ఈవిడ కార్ఖానా నడిపిందన్నమాట. తర్వాత ఆవిడకు చేదోడుగా వచ్చిన మేనల్లుడు జాన్ జాక్ ఫీష్టర్‌కి నీళ్లలో మునగడం సరదా. ఒకసారి ఫ్రాన్సు దక్షిణ తీరాన వేళ మరిచి, గాలి అయిపోయి, బతికి బయటపడ్డాడు. ఆ భయమే గడియారానికి దారి తీసింది. సరిగ్గా అప్పుడే ఫ్రెంచి నౌకాదళంలో మలూబియే, రిఫో అనే అధికారులు తమ ఈతగాళ్లకి ఎలాంటి గడియారం కావాలో రాసుకుని తిరుగుతున్నారు. 1953లో ఫిఫ్టీ ఫాదమ్స్ తయారైంది. ఫాదమ్ అంటే మరేం కాదు, మన బారే. నూతి చేంతాడు కొలిచే బార. యాభై బారలంటే సుమారు 91 మీటర్లు. అప్పట్లో మనిషి దిగగల లోతు అంతేనని అనుకునేవారు.

అదే కంపెనీ 1956లో లేడీబర్డ్ అని వేలిగోరంత యంత్రంతో ఆడవాళ్ల గడియారం కూడా చేసింది. సైనికుడి పనిముట్టూ, విందుకి పెట్టుకునే నగా ఒకే ఇంట్లో పుట్టాయి. రోలెక్స్ వారి సబ్‌మెరీనర్ కూడా 1953 నాటిదే. ఈ రెంటిలో నాకైతే ఫిఫ్టీ ఫాదమ్స్ మీదే మక్కువ.

ఆ చుట్టూ తిరిగే చక్రం దేనికంటారా? నీళ్లలోకి దిగేటప్పుడు చక్రం మీది గుర్తుని నిమిషాల ముల్లుకి ఎదురుగా పెడతారు. ఆ తర్వాత ముల్లు ఎంత దూరం జరిగితే అన్ని నిమిషాలు గడిచినట్టు. కూడికలూ తీసివేతలూ అక్కర్లేదు. తర్వాతి గడియారాల్లో చక్రం ఒక్క వైపుకే తిరుగుతుంది. దేనికైనా తగిలి జరిగినా ఎక్కువ సేపైనట్టే చూపిస్తుంది. ఈతగాడు తొందరగా పైకి వస్తాడు తప్ప ఆలస్యం చెయ్యడు. ఎంత ముందుచూపో చూడండి! పొయ్యి మీద కుక్కరు పెట్టి, గుర్తు ముల్లుకి తిప్పుకున్నా ఇదే ఉపయోగం. ఆ మాట మాత్రం ఏ ప్రకటనలోనూ రాయరు.

1962లో డాక్టర్ నో సినిమాలో షాన్ కానరీ సూటు వేసుకుని, చేతికి సబ్‌మెరీనర్ పెట్టుకున్నాడు. అంతే, షోకు మొదలైంది. 1969 డిసెంబరులో జపాను సెయికో వారు క్వార్ట్జ్ వాచీ తెచ్చేసరికి స్విస్ కార్ఖానాలు కుదేలయ్యాయి. 1970లో దాదాపు తొంభై వేలమంది పనిచేసిన పరిశ్రమలో పదిహేనేళ్లకి ముప్ఫై వేలపైచిలుకు మిగిలారు. 1980ల్లో ఈతగాళ్ల కోసం చిన్న కంప్యూటర్లు వచ్చాయి. లోతూ సమయమూ అవే చెబుతాయి. పని పోయిన పనిముట్టు అటక ఎక్కాలి కదా? ఇది నగల పెట్టె ఎక్కింది.

సేకరించేవాళ్ల లోకం విచిత్రం. మనం ఇత్తడి బిందెని చింతపండుతో తోమి తళతళలాడిస్తే సంతోషిస్తాం. వాళ్లు పాత గడియారానికి మెరుగు పెడితే ధర పడిపోయిందని ఏడుస్తారు. గీతలు ఉండాలి. ఎండకి నల్ల డయలు గోధుమ రంగుకి తిరిగితే ధర ఇంకా పెరుగుతుంది. పెట్టె, రసీదు కూడా ఉంటే మరీ మంచిది. ఇందులో తప్పేముంది? అమ్మమ్మ కాసులపేరుని కరిగించకుండా ఉంచుకునేవాళ్లం మనమూ ఉన్నాం. కాని కాసులపేరు ధర ఎంత పెరిగినా బంగారాన్ని మించి మరీ దూరం పోదు. ఈ ఉక్కుకి అలాంటి హద్దేమీ లేదు. ఈ ఏటి మోజు తగ్గితే ధరా తగ్గుతుంది. అప్పు చేసి కొనేవాళ్లు ఇది ఆలోచించుకోవాలి.

పాత డయలు మీద అంకెలు వెన్నరంగులోకి తిరిగాయని వాళ్లు మురిసిపోతారు చూడండి, ఆ రంగు సంగతి చెప్పకుండా ఊరుకోలేను. చీకటి నీళ్లలో కనబడాలంటే అంకెలు వెలగాలి. వెలుగు రేడియం కలిపిన రంగుది. అమెరికాలో న్యూజెర్సీ రాష్ట్రం ఆరెంజ్ పట్నంలో, మొదటి యుద్ధకాలం నుంచి, గడియారాల డయళ్లకి ఆ రంగు వేసింది అమ్మాయిలు. పదహారు, పద్ధెనిమిదేళ్ల పిల్లలు. సన్నని గీత రావాలంటే కుంచె మొనని పెదాలతో తడిపి కూర్చమని వాళ్లకి నేర్పారు. గీత గీతకీ ఇంత విషం నోట్లోకి. హాని లేదన్నారు. సరదాకి గోళ్లకి పూసుకుని చీకట్లో ఆడుకున్నవాళ్లూ ఉన్నారు. కొన్నేళ్లకి పళ్లు ఊడాయి, దవడ ఎముకలు కుళ్లాయి, చాలామంది పోయారు. గ్రేస్ ఫ్రయర్ అనే ఆమె, మరో నలుగురు 1927లో దావా వేస్తే, 1928లో తలా పదివేల డాలర్లు, ఏడాదికి ఆరువందలు, వైద్యఖర్చు ఇచ్చి రాజీపడ్డారు. గ్రేస్ 1933లో కన్నుమూసింది.

ఇంత జరిగినా గడియారాల్లో రేడియం 1960ల దాకా వాడారు. మొదటి ఫిఫ్టీ ఫాదమ్స్ డయళ్ల మీద ఉన్నదీ అదే. జనం భయపడ్డాక, 1960ల్లో కొన్ని గడియారాల డయలు మీద ఎరుపూ పసుపుల్లో కిరణాల గుర్తు వేసి, దాన్ని కొట్టేసి, కిరణాలు లేవని రాశారు. ఇవాళ ఆ గుర్తున్న పాత గడియారానికి గిరాకీ ఎక్కువ. 2021లో కంపెనీవారే ఆ గుర్తుతో కొత్తవి అయిదువందలు చేశారు. కొన్నవాళ్లలో గ్రేస్ ఫ్రయర్ పేరు విన్నవాళ్లు ఎందరో!

మన భాషలో వెలిగే స్టిక్కరునైనా రేడియం స్టిక్కరనే అంటాం. ఇప్పటి గడియారాల్లో రేడియం లేదు. 1993లో జపానులో వచ్చిన రంగు వెలుతురు పీల్చుకుని వెలుగుతుంది, దానితో భయం లేదు. కాని మామగారి కాలం నాటి రేడియం వాచీ మీ ట్రంకుపెట్టెలో ఉంటే, చీకట్లో వెలగడం మానేసింది కదా అని మూత తెరవకండి. మానేసింది రంగులోని వెలిగే పొడి. రేడియం సగం తరగడానికే పదహారు వందల ఏళ్లు పడుతుంది. గోరుతో గీకవద్దు, పిల్లలకి ఆడుకోవడానికి ఇవ్వవద్దు. బాగుచేయించాలంటే ముందుగానే ఇది రేడియం డయలు అని దుకాణంలో చెప్పి ఇవ్వండి.