ఇంగ్లీషులో ‘ఎ’, ‘ఏన్’ ప్రయోగం

ఇంగ్లీషులో ఏకవచన నామవాచకం ముందు ‘ఒకానొక’ అనే అర్థంలో వచ్చే ఉపపదానికి ‘ఎ’, ‘ఏన్’ అని రెండు రూపాలున్నాయి. బడిలో వీటినే ఇన్‌డెఫినిట్ ఆర్టికల్స్ అంటారు. లెక్కపెట్టగలిగిన వాటికే ఇవి చేరతాయి. ఫర్నిచర్, ఇన్ఫర్మేషన్, అడ్వైస్ వంటి మాటలకు చేరవు. రెంటికీ అర్థంలో తేడా ఏమీ లేదు. తరువాతి మాట అచ్చు ధ్వనితో మొదలైతే ‘ఏన్’, హల్లు ధ్వనితో మొదలైతే ‘ఎ’. నామవాచకం ఏదైనా సరే, ఉపపదాన్ని ఆనుకొని ఉన్న మాటే లెక్క: ‘ఏన్ అంబ్రెల్లా’ అంటారు, మధ్యలో రెడ్ చేరితే ‘ఎ రెడ్ అంబ్రెల్లా’.

ఎ, ఇ, ఐ, ఓ, యు అక్షరాల ముందు ‘ఏన్’ పెట్టాలని పిల్లలచేత బట్టీ పట్టించే సూత్రం సగమే నిజం. యూనివర్సిటీ స్పెల్లింగు యు తో మొదలైనా పలకడంలో ముందు వినిపించేది యకారం కనుక ‘ఎ యూనివర్సిటీ’. వన్ అనే మాటలో వకారం ఉంది కనుక ‘ఎ వన్ వే రోడ్’. అవర్, ఆనెస్ట్, ఎయిర్ (అంటే వారసుడు) మాటల్లో మొదటనున్న హెచ్ పలకదు, వాటికి ‘ఏన్’.

తెలుగువాళ్లకు దీనికొక దగ్గరి దారి ఉంది. మన లిపి పలికినట్టే రాసేది. ఇంగ్లీషు మాటను తెలుగులో రాసి చూసుకుంటే చాలావరకు జవాబు కళ్ల ముందే ఉంటుంది. యూనిఫాం మొదట య, అవర్ మొదట అ. అయితే ఈ దారిలో ఒక గుంట ఉంది, అదీ అందరికీ తెలిసిన ఉదాహరణలోనే: ఆపిల్‌ను మనం యాపిల్ అని కూడా రాస్తాం. యాక్టర్, యాంకర్, యాక్సిడెంట్ కూడా అంతే. పదాది ఎకారానికి యకారం తగిలించడం మనకు అలవాటు, యం.ఎల్.ఏ., యన్.టి.ఆర్. అని రాసేదీ అందుకే. ఈ యకారం మనం చేర్చింది, ఇంగ్లీషులో లేదు. స్పెల్లింగు ఎ అక్షరంతో మొదలైతే అది దొంగ యకారమే అనుకోవచ్చు. పొట్టి పేర్లలోనూ ఎఫ్, ఎల్, ఎం, ఎన్, ఎస్, ఎక్స్ అక్షరాల పేర్లు అచ్చుతోనే మొదలవుతాయి. కనుక ఏన్ ఎమ్మెల్యే, ఏన్ ఎఫ్.ఐ.ఆర్., ఏన్ ఎన్.ఆర్.ఐ., ఏన్ ఎక్స్‌రే. యు పేరులో ఉన్నది మాత్రం అసలైన యకారం: ఎ యు.పి.ఎస్.సి. ర్యాంకర్. నాసా వంటి పొట్టి పేర్లను మాటలాగే పలుకుతాం కనుక అక్షరం పేరుతో పనిలేదు. ‘ఎ నాసా సైంటిస్ట్’ అనాలి. అంకెలకూ ఇదే పద్ధతి: 8, 11, 18, 80 ముందు ‘ఏన్’.

చరిత్రలో ‘ఏన్’ పెద్దది. ప్రాచీన ఇంగ్లీషులో ఒకటి అనే సంఖ్యావాచకమే ఊనిక తగ్గి ఉపపదమైంది. తరువాత హల్లుల ముందు నకారం క్రమంగా రాలిపోయి, అచ్చుల ముందు నిలిచింది. ‘వచ్చె’, ‘వచ్చెను’ అని రెండు రూపాలున్నా, ‘వచ్చెనతడు’లో అచ్చు ముందు ద్రుతం నిలవడం చూసినవారికి ఇది వింతగా తోచదు. హకారం ముందు నకారం ఇంకా చాలాకాలం బతికింది. 1611 నాటి కింగ్ జేమ్స్ బైబిల్లో ‘ఏన్ హండ్రెడ్’ అనే ఉంటుంది.

ఈ నకారం ఏ మాటదో తేలక కొన్ని మాటల రూపమే మారిపోయింది. క్రికెట్ అంపైర్ ఒకప్పుడు నూంపైర్ వంటి మాట; జోడీకి చెందని మూడో మనిషి అనే అర్థమున్న ఫ్రెంచి మాట నుంచి వచ్చింది. జనం నోట మొదటి నకారం ఉపపదంలో కలిసిపోగా అంపైర్ మిగిలింది. ఏప్రన్ కూడా ఇలాగే నకారాన్ని పోగొట్టుకుంది. నిక్‌నేమ్ సంగతి దీనికి తలకిందులు: దానికి ఉపపదంలోని నకారం వచ్చి చేరింది.

వివాదం ఉన్నదల్లా హెచ్ దగ్గరే. అమెరికన్లు హెర్బ్‌లో హకారం పలకరు కనుక ‘ఏన్’ అంటారు, బ్రిటిష్‌వారు పలుకుతారు కనుక ‘ఎ’ అంటారు. హిస్టారిక్ ముందు ‘ఏన్’ పెట్టేవారు ఇప్పటికీ ఉన్నారు గానీ ‘ఎ’ రాస్తే తప్పు పట్టేవారు ఉండరు. ఇక హెచ్ అక్షరం పేరును మనం హకారంతో పలుకుతాం. ప్రామాణిక ఇంగ్లీషులో అది ‘ఎయిచ్’. మాటల్లో ఎలా పలికినా, పరీక్షలోనో ఉద్యోగ దరఖాస్తులోనో హెచ్.ఆర్. మేనేజర్ ముందు ‘ఏన్’ రాయండి.