ఇంగ్లండ్ పల్లెల్లో మరుగునపడ్డ కట్టడాలు: వెతుకులాట చరిత్ర

ఇంగ్లండ్ గ్రామసీమల్లో ప్రభువుల భవంతులకు, పెద్ద చర్చిలకు మొదటినుంచీ చరిత్రకారులున్నారు. వాటి పక్కనే నిలిచిన ధాన్యపు కొట్టాలు, పావురాల గూళ్లు, నీటి మిల్లులు, రేకుల ప్రార్థన మందిరాలు, ఊరు పోగా మిగిలిన గడ్డి దిబ్బలు మాత్రం చాలాకాలం ఎవరి లెక్కలోకీ రాలేదు. వీటిని వెతికి, కొలిచి, నమోదు చేసే పని 19వ శతాబ్దం చివరి పాదంలో ఊపందుకుంది. ఈ చరిత్ర పొడుగునా ఒక సంగతి కనిపిస్తుంది: ఏది కూలబోతోందో దానిమీదికే జనం చూపు మళ్లింది.

తొలి అడుగులు

ఆ శతాబ్దంలో పాత చర్చిని బాగుచేయడమంటే దాని వయసు చెరిపేయడమే. మధ్యలో చేరిన భాగాలు తీసేసి, గోడల గార గీకి, మధ్యయుగంలో ఇలా ఉండేదని వాస్తుశిల్పి ఊహించుకున్న రూపు తెచ్చేవారు. ట్యూక్స్‌బరీ మఠాలయానికీ అదే గతి పట్టబోతోందని తెలిసి, విలియం మోరిస్ 1877లో పురాతన కట్టడాల రక్షణ సంఘాన్ని స్థాపించాడు. గోడలు గీకడాన్ని వ్యతిరేకించింది కనుక దానికి ‘యాంటీ స్క్రేప్’ అని ముద్దుపేరు పడింది. రోజువారీ మరమ్మతు చాలు, పాతదాన్ని పాతదిగానే ఉండనివ్వాలన్నది దాని వాదం.

మోరిస్ అభిమానం చర్చిలతో ఆగలేదు. కెల్మ్‌స్కాట్‌లోని తన ఇంటికి వచ్చిన అతిథులను గ్రేట్ కాక్స్‌వెల్ కొట్టం చూడమని తీసుకెళ్లేవాడు. 13వ శతాబ్దం చివర సిస్టర్షియన్ సన్యాసుల పొలం పంట దాచడానికి కట్టిన కొట్టం అది. పొడవు 152 అడుగులు, వెడల్పు 44. లోపల మనిషి ఎత్తును మించిన రాతి దిమ్మెలపై ఓక్ స్తంభాలు, వాటిపై రాతి పలకల కప్పు. గడ్డీ గింజా దాచుకునే చోటును కళాఖండంగా చూడవచ్చునని ఆనాటి చదువుకున్నవాళ్లకు చెప్పడం చిన్న సాహసం కాదు.

చట్టానికి అంత చూపు లేదు. 1882 నాటి పురాతన స్మారకాల చట్టం ప్రధానంగా చరిత్రపూర్వ కాలపు రాళ్లకు, దిబ్బలకే పరిమితమైంది. మనుషులుండే ఇళ్లు దాని పరిధిలోకి రాలేదు. ఆ లోటును కొంత పూడ్చింది 1895లో పుట్టిన నేషనల్ ట్రస్టు. ససెక్స్‌లోని ఆల్‌ఫ్రిస్టన్‌లో 14వ శతాబ్దపు పూరికప్పు ఇల్లు శిథిలమై ఉంటే, మరుసటేడు దాన్ని 10 పౌండ్లకు కొన్నది. ట్రస్టు కొన్న మొదటి కట్టడం అదే.

కార్లొచ్చిన కాలం

మొదటి ప్రపంచయుద్ధం తర్వాత కార్లు, పెట్రోలు బంకులు, రోడ్డు వెంబడి ఇళ్ల వరసలు పల్లెల్లోకి చొచ్చుకొచ్చాయి. 1926లో గ్రామీణ ఇంగ్లండ్ పరిరక్షణ మండలి ఏర్పడింది. ‘ఫెర్గూసన్ గ్యాంగ్’ అనే అమ్మాయిల బృందం మారుపేర్లు పెట్టుకుని, ముసుగులేసుకుని నేషనల్ ట్రస్టుకు డబ్బు తెచ్చి ఇచ్చి మాయమయ్యేది. సర్రేలోని షాల్‌ఫర్డ్ నీటి మిల్లు ఈరోజు నిలిచి ఉందంటే వారి పుణ్యమే. మరోపక్క, ఈ గొడవకు సగం కారణమైన పెట్రోలు వ్యాపారమే కారు యాత్రికులకు దారి చూపించింది. షెల్ కంపెనీ గైడ్లు 1934లో జాన్ బెట్జమన్ రాసిన కార్న్‌వాల్ సంపుటితో మొదలయ్యాయి. చిత్రకారుడు జాన్ పైపర్ చేరాక, పాచిపట్టిన సమాధిరాళ్లకు, మాసిన దుకాణపు బోర్డులకు కూడా వాటిలో చోటు దొరికింది.

యుద్ధానంతరం నికలస్ పెవ్స్‌నర్ దారి వేరు. నాజీల రాకతో జర్మనీ విడిచి వచ్చిన ఈ పండితుడు ఒక్కో జిల్లానూ ఊరూరా కారులో తిరిగి, పగలు చూసింది రాత్రి బసలో రాసుకునేవాడు. 1951 నుంచి 1974 దాకా ఇంగ్లండ్ కట్టడాల మీద 46 సంపుటాలు వెలువడ్డాయి. అంత వేగంలో చర్చి పీఠాలకు దక్కిన శ్రద్ధ పశువుల కొట్టాలకు దక్కకపోవడం సహజమే. ఆ ఖాళీని పూరించినవాళ్లలో 1952లో ఏర్పడిన స్థానిక వాస్తు బృందం, రైతుల ఇళ్లను తరగతులుగా విడదీసి బొమ్మలతో వివరించిన ఆర్. డబ్ల్యు. బ్రన్‌స్కిల్ ముఖ్యులు.

నేలను చదవడం

అసలు మలుపు కట్టడాల నుంచి నేలకు దిగినప్పుడు వచ్చింది. మిడ్‌లాండ్స్ గడ్డిబీళ్లలో సాయంత్రపు ఏటవాలు ఎండ పడితే నేలంతా అలలు అలలుగా కనిపిస్తుంది. అవి మధ్యయుగపు దుక్కి గుర్తులు. నాగలి మట్టిని ఎప్పుడూ ఒకే వైపు తిప్పేది కనుక, చాలు చుట్టూ తిరిగేకొద్దీ మట్టి మధ్యకు చేరి బోదె పేరుకునేది. పొడవాటి ఎద్దుల బారు పొలం చివర తిరగాలంటే ముందునుంచే పక్కకు మళ్లించుకోవాలి. అందుకే ఆ బోదెలు తిన్నగా ఉండవు, రెండు కొసల్లో వంగి ఉంటాయి. ఎద్దులు నడిచిన వంపు ఇన్ని వందల ఏళ్లయినా నేలమీద నిలిచి ఉంది.

ఆర్థిక చరిత్రకారుడు మారిస్ బెరెస్‌ఫర్డ్ ఇలాంటి ఎగుడుదిగుళ్లను పాత దస్తావేజులతో పోల్చి చూస్తూ వెళ్లాడు. 1948లో యార్క్‌షైర్‌లోని వారమ్ పెర్సీకి చేరాడు. మధ్యయుగపు ఊరిలో పైకి మిగిలింది చర్చి ఒక్కటే. మిగతా ఊరంతా పచ్చికకింద గోడల ఆనవాళ్లు. 1950లో మొదలైన తవ్వకాలు, తర్వాత పురావస్తువేత్త జాన్ హర్స్ట్ తోడవగా, ఏటా వేసవిలో 1990 దాకా సాగాయి. ఊరు ఖాళీ అయింది ప్లేగు మహామారి వల్లేనన్న పాత నమ్మకం నిలవలేదు. ప్లేగు తర్వాతా జనం ఇక్కడ బతికారు. 1500 ప్రాంతంలో భూస్వామి పొలాన్ని గొర్రెల మేతకు మార్చడంతో చివరి కుటుంబాలు కదిలాయి. రైతుల ఇళ్లు తరానికోసారి కూలే గుడిసెలని తవ్వినవారు మొదట అనుకున్నారు. వంపు దూలాల చట్రంతో కట్టినవి చాలాకాలం నిలిచేవని తర్వాత తేలింది. 1955లో వచ్చిన డబ్ల్యు. జి. హాస్కిన్స్ పుస్తకం ఈ చూపును సామాన్య పాఠకుడిదాకా తెచ్చింది.

కాశీరాజు బావి

పల్లెల్లోని కొన్ని కట్టడాల కథ సముద్రాల అవతల మొదలవుతుంది. ఆక్స్‌ఫర్డ్‌షైర్‌లోని స్టోక్ రోలో ఇనుప స్తంభాల మీద గుమ్మటం, దానికింద బంగారు రంగు ఏనుగు కనిపిస్తాయి. చిల్టర్న్ కొండల సుద్దరాయిలో నీళ్లు ఇంకిపోతాయి కనుక ఎండాకాలం ఆ ఊళ్లలో కటకటగా ఉండేది. ఇంట్లో మిగిలిన చివరి గుక్క తాగేశాడని తల్లి కొట్టిన పిల్లవాడి కథను ఈస్టిండియా కంపెనీ అధికారి ఎడ్వర్డ్ రీడ్ కాశీరాజు ఈశ్వరీప్రసాద్ నారాయణ్ సింగ్‌కు చెప్పాడట. రాజు అది మరిచిపోలేదు. ఆయన సొమ్ముతో 1863–64లో నాలుగడుగుల వెడల్పున, 368 అడుగుల లోతున చేత్తోనే బావి తవ్వారు. నిర్వహణ ఖర్చుకు పక్కనే చెర్రీ తోట వేసి దానికి రాజు పేరే పెట్టారు. వలస పాలన కథలో డబ్బు నడిచే దిక్కు సాధారణంగా మరోవైపు.

జాబితాలు, వాటి బయట

1944, 1947 ప్రణాళికా చట్టాలతో కట్టడాల జాబితా మొదలైంది. 1980లలో జరిగిన మలి సర్వేలో కొట్టాలు, మైలురాళ్లు పెద్దఎత్తున చేరాయి. ఎర్ర టెలిఫోను పెట్టెలకూ చోటు దొరికింది. ఈనాడు ఇంగ్లండ్ జాబితాలో దాదాపు 4 లక్షల నమోదులున్నాయి, అత్యధికం రెండో శ్రేణివే. భక్తులు కరువైన చర్చిల కోసం 1957లో ‘ఫ్రెండ్స్ ఆఫ్ ఫ్రెండ్‌లెస్ చర్చెస్’ పుట్టింది. 1965లో వెలిసిన ల్యాండ్‌మార్క్ ట్రస్టు పాడుబడ్డవాటిని బాగుచేసి బసకు అద్దెకిస్తుంది. రాబిన్ హుడ్స్ బే దగ్గర ఒక భూస్వామి గ్రీకు గుడిలా కట్టించిన పందుల దొడ్డిలో ఇప్పుడు విహారయాత్రికులు నిద్రపోతున్నారు.

అందం ఏమాత్రం లేనివాటి వంతు చివర్న వచ్చింది. 1940లో జర్మన్ దండయాత్ర భయంతో పొలాల గట్లమీద లేపిన కాంక్రీటు కాపలా గదులు, అడ్డుదిమ్మెలు రైతుకు పనికిరాక, ప్రభుత్వానికి అక్కర్లేక పడి ఉండేవి. 1995 నుంచి 2002 దాకా స్వచ్ఛంద కార్యకర్తలు తిరిగి దాదాపు 20,000 స్థలాలను నమోదు చేశారు. కెంట్ తీరంలోని డెంజ్‌లో రాడార్‌కు ముందు విమానాల మోత పట్టడానికి కట్టిన మూడు ‘శబ్ద దర్పణాలు’ కూడా చట్టరక్షణ పొందాయి. వాటిలో పెద్దది 200 అడుగుల వంపు గోడ.

జాబితాకెక్కని మామూలు కొట్టాల సంగతి వేరు. వ్యవసాయ యంత్రాలు పెద్దవయ్యాక వాటి గుమ్మాల్లో పట్టవు. 2014 నుంచి ఇంగ్లండ్‌లో చాలాచోట్ల పూర్తిస్థాయి అనుమతి లేకుండానే వ్యవసాయ కట్టడాలను నివాసాలుగా మార్చుకోవచ్చు. జాబితాలో ఉన్నవాటికి, జాతీయ ఉద్యానవనాల్లోని వాటికి ఈ వెసులుబాటు వర్తించదు. మిగతాచోట్ల గోడలు నిలుస్తున్నాయి, నూర్పిళ్లకోసం ఖాళీగా వదిలిన నడుమభాగం గదులుగా చీలిపోతోంది.