పట్టికలో లేని భర్త

1842లో ఇటలీ వైద్యుడు రిగోని-స్టెర్న్ ఒక పట్టిక ప్రకటించాడు. వెరోనాలో 1760 నుంచి 1839 వరకు నమోదైన చావుల లెక్కలు తిరగేస్తే, గర్భసంచి క్యాన్సర్‌తో పోయినవాళ్ళలో పెళ్ళయిన ఆడవాళ్ళు, భర్త పోయినవాళ్ళు ఎక్కువ, సన్యాసినులు చాలా తక్కువ. నేను చదువుకున్నది సాహిత్యం, వైద్యం కాదు. ఏ రచనలోనైనా ఎవరి మాట లేకుండా పోయిందో వెతకడం మాత్రం నాకు అలవాటు. ఆ పట్టికలో కన్య ఉంది, భార్య ఉంది, సన్యాసిని ఉంది. భర్త లేడు. పెళ్ళి ఆమె ఒక్కతే చేసుకున్నట్టు!

ఆ తర్వాత నూరేళ్ళకు పైగా ప్రశ్నలన్నీ ఆమెకే. ఎన్నో ఏట పెళ్ళయింది, ఎన్ని కాన్పులు, ఎంతమందితో సంబంధం? 1970లలో అమెరికాలో కెస్లర్ అనే పరిశోధకుడు మగవాడి వైపు నుంచి లెక్క తీశాడు. ఒక భార్యకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ వచ్చిన మగవాడిని చేసుకున్న మరో స్త్రీకి కూడా ముప్పు ఎక్కువేనని తేలింది. 1983లో జర్మనీలో హెరాల్డ్ జుర్ హౌసెన్ బృందం హ్యూమన్ పాపిలోమా వైరస్ 16వ రకాన్ని, మరుసటేడు 18వ రకాన్ని ఈ క్యాన్సర్ కణాల్లో గుర్తించింది. ఈ క్యాన్సర్లలో సుమారు 70 శాతానికి ఆ రెండు రకాలే కారణం. 2008లో ఆయనకు నోబెల్ వచ్చింది.

ఇంత తెలిశాక కూడా మగవాళ్ళకు చెప్పేవాళ్ళు తక్కువ. ఈ వైరస్ వాళ్ళ ఒంట్లోనూ ఉంటుంది, చాలామందిలో ఏ గుర్తూ లేకుండా. ఎక్కువసార్లు ఒకటి రెండేళ్ళలో అదే పోతుంది, ఈలోగా అంటుకుంటుంది. మగవాళ్ళకు మామూలుగా చేసే పరీక్ష లేదు. చర్మం నుంచి చర్మానికి పాకేది కనుక కండోమ్ ముప్పు తగ్గిస్తుందే గాని పూర్తిగా ఆపదు. గొంతు, మలద్వారం, పురుషాంగం క్యాన్సర్లకు కూడా ఇది కారణమవుతుంది. ఇంకొక మాట. ఎప్పుడో సోకింది ఏళ్ళ తర్వాత బయటపడవచ్చు. భార్య రిపోర్టు చేతిలో పట్టుకుని “ఎవడు వాడు?” అనే మగవాడికి ఆ కాగితం ఏ సాక్ష్యమూ ఇవ్వదు.

మన దగ్గర ఈ టీకా చరిత్ర 2009లో ఖమ్మం జిల్లాలో మొదలైంది. పాత్ అనే అంతర్జాతీయ సంస్థ, ఐ.సి.ఎం.ఆర్., రాష్ట్ర ప్రభుత్వం కలిసి 10-14 ఏళ్ళ ఆడపిల్లలకు వేయించాయి. చాలామంది గిరిజన హాస్టళ్ళ పిల్లలు. తల్లిదండ్రులు పెట్టవలసిన చోట వార్డెన్లు సంతకాలు పెట్టారు. కొందరు పిల్లలు చనిపోయారు. ఆ మరణాలకు టీకాతో చాలావరకు సంబంధం లేదని విచారణ సంఘం చెప్పింది. అయినా అనుమతి తీసుకున్న తీరును 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం గట్టిగా తప్పుపట్టింది. ఆ పథకం 2010 ఏప్రిల్‌లోనే ఆగిపోయింది.

ఆడపిల్లలకు ముందు వేస్తే తక్కువ ఖర్చుతో ఎక్కువ ప్రాణాలు దక్కుతాయన్న వాదన నాకు అర్థమవుతుంది. మగపిల్లలకు కనీసం సంగతి చెప్పడానికి ఏం ఖర్చు? ఆస్ట్రేలియా 2013 నుంచి వాళ్ళకూ వేస్తోంది. 2023లో విడుదలైన మన దేశపు టీకా సర్వావాక్‌కు మగపిల్లల విషయంలోనూ అనుమతి ఉంది.

మా అన్నయ్య కొడుక్కి పన్నెండేళ్ళు. వాడికి వేయించమంటే, “అది ఆడపిల్లలది కదమ్మా” అన్నాడు అన్నయ్య. గొంతు క్యాన్సర్ సంగతి చెప్పాను. అటు కాసేపు మాట లేదు. వదిన ఫోన్ తీసుకుని, డోసు ఎంతవుతుందని అడిగింది.