విస్తరి యొద్ద పరదేశి



పరదేశమునకు పోయినవానికి భాషకంటె ముందు భోజనమే పరీక్ష పెట్టును. మాట రాకున్నను సైగలతో నాలుగు దినములు గడుపవచ్చును గాని, ఎదుటివారు పెట్టినదానిని త్రోసివేసినయెడల ఆ యింటి తలుపు మరల తెరచుకొనుట కష్టము. ప్రభువు డెబ్బదిమందిని ఊళ్లకు పంపునప్పుడు భోజనపు సంగతి కూడ చెప్పి పంపెనని లూకా పదియవ అధ్యాయము చదివినవారెరుగుదురు. మన మానుకోట సీమలో ఒక దైవజనుడు ఈ పరీక్షను ఎట్లు ఎదుర్కొనెనో జ్ఞాపకము చేసికొందము.

వేదనాయకం శామ్యూల్ అజరయ్యగారు 1874 ఆగస్టు 17న తిరునెల్వేలి సీమలో, ఎఱ్ఱ ఇసుకలో తాటిచెట్లు పెరుగు ఒక పల్లెలో, గ్రామగురువు కుమారుడుగా జన్మించిరి. తాటిచెట్లెక్కి జీవించుట కులవృత్తిగా గల నాడార్లు ఆయనవారు. 1909లో ఆయన డోర్నకల్ వచ్చినప్పుడు ఆయనకిది పరదేశమే. నిజాము రాజ్యము, వేరు నాణెము, రాని భాష. మొదట గుడారమే నివాసము. ఇక్కడి పేదల యింట జొన్న గటక, అంబలి, పుంటికూర పులుసు; వరి అన్నము పండుగ మాట. ఆయన వెనుకనున్న ఇండియన్ మిషనరీ సొసైటీని 1903లో స్థాపించినవారు తమిళ క్రైస్తవులే గాని దొరలు కారు.

ఆ కాలపు దొరల బంగళాలను గూర్చి పెద్దలు చెప్పగా మనలో అనేకులు వినియున్నారు. లోపల బల్ల మీద రొట్టె, వెన్న, తేనీరు. వెలుపల వరండాలో చేతులు కట్టుకొని నిలిచిన సువార్తికుడు. అందరు దొరలును అట్టివారు కారు. అమెరికా దేశస్థుడైన షెర్వుడ్ ఎడ్డీ అజరయ్యగారికి ప్రాణస్నేహితుడు. కాని అనేకులు అట్టివారే.

1910 జూన్ మాసమున స్కాట్లండు దేశములోని ఎడింబరో పట్టణమందు ప్రపంచ మిషనరీ మహాసభ కూడెను. సుమారు 1,200 మంది ప్రతినిధులలో ఆసియావారు ఇరువదిమంది కూడ లేరు. ముప్పదియారు సంవత్సరములు నిండని మన అజరయ్యగారు అక్కడ లేచి, దొరలకును దేశీయ పనివారికిని మధ్య స్నేహము కొరవడినదని ముఖముననే చెప్పిరి. కరచాలనము, కుర్చీ, విందు, తేనీరు ఊరక మర్యాదకై అక్కరలేదనియు, అవి నిజమైన స్నేహమునకు గురుతులైతే అవన్నియు కావలెననియు పలికిరి. మీరు మీ సొత్తు నిచ్చితిరి, ప్రాణముల నిచ్చితిరి, ఇక స్నేహితులనిండని వేడుకొనిరి. సభలో కొందరు నొచ్చుకొనిరి. నొచ్చుకొనవలసిన మాటయే అది!

ఎడింబరోలో ఇతరులను అడిగినదానిని ఇంటికి వచ్చి తాను చేయవలసి వచ్చెను. 1912 డిసెంబరు 29న కలకత్తాలో ఆయన బిషప్పుగా అభిషేకింపబడి, ఆంగ్లికను సంఘములో మొదటి భారతీయ బిషప్పు అయ్యెను. ఎడ్లబండి మీద పల్లె వెంట పల్లె తిరిగెను. ఆ పల్లెలలో గటక రుచించుట పెద్ద సమస్య కాదు. ఆకలి రుచి నేర్పును. ఎవరి యింట, ఎవరి ప్రక్కను కూర్చుండి తినుట అనునదే చిక్కు. మాలవారు మాదిగ యింట నీళ్లైనను త్రాగరు. ఇద్దరికిని బావులు వేరు. బాప్తిస్మము పొందిన తరువాత కూడ ఆ వేరు పోలేదు. అంతియొకయలో పేతురు బల్ల యొద్దనుండి వెనుదీసిన సంగతి (గలతీయులకు వ్రాసిన పత్రిక, రెండవ అధ్యాయము) మన పల్లెలలో ప్రతి ఆదివారము జరుగుచుండెనన్నను తప్పులేదు. డోర్నకల్ పాఠశాలల వసతిగృహములలో ఆ పిల్లలు ఒకే పంక్తిని కూర్చుండి తినిరి. ప్రసంగములకంటె ఆ పంక్తియే యెక్కువ పని చేసెనని నా తలంపు.

అయితే ఒక దానికి మాత్రము ఆయన చేయి చాపలేదు. అది కల్లు. ఈ సీమలో పెండ్లి మాట కుదిరినను, పంచాయితీ తెగినను, బోనమెత్తినను, మట్టి చేసి వచ్చినను కల్లుకుండ రావలెను. భూపాలపల్లి అడవి తట్టున ఇప్పసారా దాని తోబుట్టువు. అతిథికి పోసిన కల్లును కాదనుట అతిథి మర్యాదను కాదనుటయే. మరి బంగళా దొర గటకను కాదనుటకును, బిషప్పు కల్లును కాదనుటకును భేదమేమి?

భేదము తాటిచెట్టులోనే యున్నది. తిరునెల్వేలిలో కుండకు సున్నము పూసి, రసము పులియకుండ దించి, కాచి బెల్లము చేయుదురు. ఇక్కడ అదే రసమును పులియనిచ్చి త్రాగుదురు. ఆ చెట్టు కష్టమును, దాని మీద బ్రదుకు గీతవాని కష్టమును ఎరిగిన కులమువాడే ఆయన. మురికి, రోగము, అప్పు, త్రాగుడు అను నాలుగు శత్రువులను ఆయన ఒక వరుసలో చెప్పుచుండెను. అప్పు త్రాగుడు ప్రక్కను నిలుచుట చూడుడి. ఆబ్కారీ గుత్తేదారునికి పోయిన పైస వడ్డీతో కూడ దొర గడికి వెట్టిగా తిరిగి వచ్చెడిది. అందుచేత ఆయన కుండను కాదనెను గాని ఆ యింటినుండి లేచిపోలేదు. ఇది కఠినమని అనువారు నేటికిని కలరు. నేడు కుండ స్థలములో సీసా వచ్చినది. ఆ లెక్క మన స్త్రీల నడుగుడి.

ఆయన కోరిన మరియొక బల్ల కలదు. 1919 మే మాసమున తరంగంబాడిలో వేర్వేరు సంఘములకు చెందిన 33 మంది బోధకులు కూడిరి. అజరయ్యగారు వారిలో ముఖ్యులు. కలిసి భోజనము చేయగలవారు ప్రభువు బల్ల యొద్ద మాత్రము కలిసి కూర్చుండలేకపోవుట వారిని బాధించెను. అక్కడ ఆరంభమైన ప్రయత్నము 1947 సెప్టెంబరు 27న మద్రాసులో దక్షిణ ఇండియా సంఘముగా నెరవేరెను. అజరయ్యగారు 1945 జనవరి 1నే డోర్నకల్‌లో కన్ను మూసియుండిరి. డోర్నకల్ మండలము ఆ ఐక్యములో చేరెను. జనగామలోని బాప్టిస్టు సహోదరులు చేరలేదు.