బల్లికి కావలసిన ఎండ

లండను బాలిక జోన్ ప్రాక్టర్ (1897–1931) సుమారు పదేండ్ల ప్రాయమున డాల్మేషియా ప్రాంతపు పచ్చబల్లి నొకదానిని పెంచెను. భోజనవేళ అది ఆమె ప్రక్కనే చేరెడిది. ఇంటివారి ఓపికను మెచ్చవలసినదే!

పెంపుడు బల్లికి పురుగులను మేపినంతమాత్రమున చాలదు. పగటిపూట తిరుగు బల్లులు ఎండలోని అతినీలలోహిత కిరణముల సాయమున విటమిన్ ‘డి’ని తయారుచేసికొనును. అది కొరవడినచో తిన్న కాల్షియము ఒంటబట్టదు. ఎముకలు మెత్తబడి వంగిపోవును. మామూలు కిటికీగాజు వెలుతురును రానిచ్చునే గాని, ఆ కిరణములను చాలవరకు ఆపివేయును.

1923లో లండను జంతుప్రదర్శనశాల సరీసృపముల విభాగమునకు ప్రాక్టర్ అధికారిణి అయ్యెను. ఆమె రూపకల్పనతో 1927లో తెరచిన సరీసృపశాలలో ఆ కిరణములను లోనికి విడుచు ప్రత్యేకపు గాజును వాడిరి. వేర్వేరు తావులలో వేర్వేరు వేడిమి నిలుచునట్లును ఏర్పాటుచేసిరి. నేడు ఇండ్లలోని గాజుపెట్టెలలో అతినీలలోహిత దీపము ఆ గాజు పనిని చేయుచున్నది.