వాద్యం మారితే బాణీ మారుతుంది: ఆర్కిటిక్ మంకీస్ ఆరో ఆల్బమ్ – ఒక పరిశీలన

ప్రస్తావన

ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్‌కు చెందిన ఆర్కిటిక్ మంకీస్ రాక్ బృందం 2018 మే 11న ‘ట్రాంక్విలిటీ బేస్ హోటల్ అండ్ క్యాసినో’ను విడుదల చేసింది. ముందుగా ఒక్క సింగిల్ కూడా బయటపెట్టలేదు. 2013 నాటి ఆల్బమ్ ‘ఏఎమ్’లోని బరువైన గిటార్ రిఫ్‌లకు అలవాటుపడ్డ శ్రోతలకు ఇందులో పియానో, నెమ్మదైన లయ, చంద్రుడి మీద కట్టిన ఊహాలోకపు హోటల్ ఎదురయ్యాయి. అభిమానుల్లో రెండు వర్గాలు ఏర్పడ్డాయి. ఈ మార్పు మూలం పాట కట్టే పద్ధతిలోనే ఉందని నా ప్రతిపాదన.

మారనివి

ముందుగా మారనివేవో చూడాలి. 2006లో బేస్ గిటారిస్టుగా నిక్ ఒమాలీ చేరాక బృంద సభ్యులు మారలేదు. నిర్మాత జేమ్స్ ఫోర్డ్ 2007 నుంచి ప్రతి ఆల్బమ్‌కూ పనిచేశాడు. రికార్డు సంస్థ మొదటి ఆల్బమ్ నుంచీ డొమినోయే. కాబట్టి కొత్త ధ్వనిని కొత్త మనుషుల ఖాతాలో వేయలేం.

మారినది

గీతకర్త, గాయకుడు అలెక్స్ టర్నర్‌కు గిటార్ మీద కొత్త ఊహలు తట్టని దశ అది. ముప్ఫయ్యో పుట్టినరోజుకు మేనేజర్ అతనికి స్టైన్‌వే పియానో బహూకరించాడు. లాస్ ఏంజెలెస్‌లోని ఇంట్లో దాని ముందు కూర్చుని బాణీలు కట్టి, ఎనిమిది ట్రాకుల టాస్కామ్ టేప్ రికార్డర్‌లో నమూనాలు చేసుకున్నాడు. ఆ తర్వాతే పారిస్ సమీపంలోని లా ఫ్రెట్ స్టూడియోలో బృందమంతా కలిసింది.

రెండు పాటలు పక్కపక్కన పెట్టి వింటే తేడా తెలుస్తుంది. ‘ఏఎమ్’లోని ‘డూ ఐ వనా నో?’లో ముందు దరువు, వెంటనే రిఫ్. ఆ రిఫ్ తిరుగుతూనే ఉంటుంది, గాత్రం దాని అడుగుల్లో నడుస్తుంది. కొత్త ఆల్బమ్‌లోని ‘వన్ పాయింట్ పర్‌స్పెక్టివ్’ తెంపి తెంపి మోగే పియానో కార్డులతో మొదలవుతుంది. ఆ కార్డులు గాత్రానికి చోటిచ్చి పక్కకు తప్పుకుంటాయి. చరణాల్లో పాదాల నిడివి సమానంగా ఉండదు, మాట్లాడే తీరు కనిపిస్తుంది. చెబుతున్నది మరిచిపోయినవాడిలా గాయకుడు మధ్యలో ఆగిపోతాడు. గిటార్ పూర్తిగా పోలేదు, సోలోకు పరిమితమైంది. పాట నడిపే బాధ్యత మాత్రం దాని చేతుల్లో లేదు.

ఒక అభ్యంతరం

ఇదంతా పియానో మహిమేనా? కాదు. టర్నర్ 2008లోనే ‘ది లాస్ట్ షాడో పపెట్స్’ పేరిట మైల్స్ కేన్‌తో కలిసి వాద్యబృందపు హంగుతో పాటలు చేశాడు. అభిరుచి అప్పటికే ఉంది. దాన్ని సొంత బృందంలోకి తీసుకురావడానికి పియానో దారి చూపింది. బృందం 2022 నాటి ఆల్బమ్ ‘ది కార్’లో తీగవాద్యాలు మరింత విస్తరించడం ఈ మలుపు తాత్కాలికం కాదని నిరూపిస్తుంది.

ముగింపు

గిటార్ ఎంత వినిపించిందన్న లెక్కతో ఒక రాక్ బృందం ఎదుగుదలను కొలవడం చాలదు. బాణీ ఏ వాద్యం మీద పుట్టింది, గాత్రం దేన్ని అనుసరిస్తోంది, ఎక్కడ దాన్ని దాటిపోతోంది అన్న ప్రశ్నలే విమర్శకు అసలైన ఆధారాలు. వాటితో విన్నప్పుడు ఈ ఆల్బమ్ రాక్‌ను వదులుకున్న రచనగా కాక, పాటను మళ్లీ మొదటి నుంచి కట్టడం నేర్చుకున్న బృందపు సాహసంగా నిలుస్తుంది.