మాట ఆలస్యమైన పిల్లలు, ముద్ద మింగలేని పిల్లలు: భివండి తెలుగు కుటుంబాలు తెలుసుకోవలసిన విషయాలు

మహారాష్ట్రలోని ఠాణే జిల్లాలో ఉన్న భివండి సాంచాల పట్టణం. కరీంనగర్, వరంగల్, నల్లగొండ ప్రాంతాల నుండి వలస వెళ్ళిన పద్మశాలీ కుటుంబాలు తరాలుగా అక్కడ నివసిస్తున్నాయి. పద్మనగర్ వంటి పేటలలో ఇంటి భాష నేటికీ తెలుగే. వీధిలో హిందీ, కార్యాలయాలలో మరాఠీ వినిపిస్తాయి. అటువంటి ఇంట్లో మూడేళ్ళ బిడ్డకు మాటలు రాకపోతే పెద్దలు సాధారణంగా రెండు మాటలు చెబుతారు. “మూడు భాషల మధ్య తికమకపడుతున్నాడు” అన్నది ఒకటి. “బడికి పోతే అవే వస్తాయి” అన్నది రెండవది. ఈ రెండింటినీ నమ్మి ఆగిపోవడం వలన బిడ్డకు మేలు జరగవలసిన సంవత్సరాలు వృథా అవుతాయి.

వాక్ చికిత్స అనగా ఏమి?

మాట, భాష, నత్తి, గొంతు దోషాలతో పాటు నమలడం, మింగడం, చొంగ కారడం వంటి ఇబ్బందులకు కూడా చికిత్స చేసే నిపుణులను స్పీచ్ థెరపిస్టులు అంటారు. మాటకూ ముద్దకూ పనిచేసేవి చాలావరకు అవే అవయవాలు: పెదవులు, నాలుక, దవడ, అంగిలి, గొంతు. అందుకే ఈ రెండు పనులూ ఒకే నిపుణుని పరిధిలోకి వస్తాయి. చికిత్స చేసేవారు భారత పునరావాస మండలిలో నమోదైనవారై ఉండాలి. నమోదు సంఖ్యను అడిగి తెలుసుకొనడంలో తప్పు లేదు.

వయస్సును బట్టి గమనించవలసినవి

6 నెలలు: శబ్దం వచ్చిన వైపు తల తిప్పాలి.
9 నెలలు: “బబ, దద, మమ” వంటి శబ్దాలు చేయాలి.
12 నెలలు: పేరు పెట్టి పిలిస్తే చూడాలి. చేయి చాపి చూపడం, టాటా చెప్పడం రావాలి.
16 నెలలు: ఒక్క మాటైనా రాకపోతే చూపించాలి.
2 సంవత్సరాలు: “అమ్మ రా”, “పాలు కావాలి” వంటి రెండేసి మాటల కూర్పులు సొంతంగా రావాలి.
4 సంవత్సరాలు: బయటివారికి కూడా మాటలు చాలావరకు అర్థం కావాలి.

వచ్చిన మాటలు ఏ వయస్సులోనైనా పోయినట్లయితే వెంటనే వైద్యుని కలవాలి.

మూడు భాషలు కారణం కాదు

ఒకటి కంటే ఎక్కువ భాషలు వినడం వలన మాట ఆగిపోదు. మాటలను లెక్కించేటప్పుడు అన్ని భాషలవీ కలిపి లెక్కించాలి. తెలుగులో పది, హిందీలో ఎనిమిది మాటలు వచ్చిన బిడ్డకు పద్దెనిమిది మాటలు వచ్చినట్లే. నిజమైన ఇబ్బంది ఉన్న బిడ్డలో అది అన్ని భాషలలోనూ కనిపిస్తుంది. “ఇంట్లో తెలుగు మానేయండి” అని ఎవరైనా సలహా ఇస్తే పాటించవలసిన అవసరం లేదు. తల్లికి ధారాళంగా వచ్చిన భాషలోనే బిడ్డకు ఎక్కువ మాటలు, కథలు, పాటలు అందుతాయి.

సాంచాల చప్పుడు, వినికిడి

మాట రాని ప్రతి బిడ్డకూ మొదట చేయించవలసినది వినికిడి పరీక్ష. బిడ్డ తలుపు చప్పుడుకు ఉలిక్కిపడినంత మాత్రాన అన్నీ వింటున్నట్లు కాదు. “స, శ, త” వంటి మెల్లని ధ్వనులు వినబడకపోవచ్చు. మాటిమాటికీ చెవి కారే పిల్లలలోనూ వినికిడి తగ్గుతుంది. చంటిపిల్లలకు ఓఏఈ, బెరా అనే పరీక్షలు ఉన్నాయి. వీటిలో నొప్పి ఉండదు.

2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం నివాస ప్రాంతంలో పగలు 55, రాత్రి 45 డెసిబెళ్ళు పరిమితి. నడుస్తున్న సాంచాల కార్ఖానాలో చప్పుడు 90 డెసిబెళ్ళు దాటడం మామూలే. ఇల్లు, కార్ఖానా పక్కపక్కనే ఉన్నచోట తల్లి మాట ఆ చప్పుడులో మునిగిపోతుంది. కరెంటు పోయిన వేళ, సాంచాలు ఆగిన వేళ బిడ్డకు ఎదురుగా కూర్చుని, ముఖం కనబడేటట్లు మాట్లాడటం ప్రతి ఇంటివారూ చేయగలిగిన పని.

తినడంలో ఇబ్బందులు

6 నెలల వరకు తల్లిపాలు మాత్రమే పట్టి, ఆపై మెత్తని ఆహారం మొదలుపెట్టాలి. 9 నెలలకల్లా పూర్తి జావ మాని, వేళ్ళతో మెదిపిన పప్పన్నం, ఇడ్లీ వంటి కొద్దిపాటి పలుకు ఉన్న పదార్థాలు అలవాటు చేయాలి. ఏడాదిన్నర వరకు మిక్సీ పట్టినదే తినిపిస్తే నమలడం నేర్చుకొనడం కష్టమవుతుంది.

ప్రతి ముద్దకూ పొలమారడం, తిన్న తరువాత గొంతు తడిగా గరగరలాడటం, భోజనానికి అరగంటకు మించి పట్టడం, బరువు పెరగకపోవడం, తరచుగా న్యుమోనియా రావడం ప్రమాద సూచనలు. ఆహారం ఊపిరితిత్తులలోకి పోతున్నదేమో వైద్యులు పరీక్షించాలి. మెదడు పక్షవాతం, అనగా సెరిబ్రల్ పాల్సీ ఉన్న పిల్లలలో ఇది ఎక్కువ. పడుకోబెట్టి పాలు, జావ పోయరాదు. నడుము, తల నిటారుగా ఆనించి, చిన్న చెంచాతో, ఒక ముద్ద మింగిన తరువాతే మరొక ముద్ద పెట్టాలి. పల్లీలు, పుట్నాలు, పూర్తి ద్రాక్షపండ్లు నాలుగేళ్ళలోపు పిల్లలకు ఇవ్వరాదు.

గ్రహణమొర్రికి గ్రహణం కారణం కాదు. పెదవికి సాధారణంగా 3 నుండి 6 నెలల మధ్య, అంగిలికి 9 నుండి 18 నెలల మధ్య శస్త్రచికిత్స చేస్తారు. అంగిలి కుట్టిన తరువాత చాలామంది పిల్లలకు వాక్ చికిత్స కూడా కావాలి.

వస, నాలుక కోయడం, ఊదుడు ఆటలు

గలగలా మాట్లాడే పిల్లను “వసపిట్ట” అంటాము. కాని వసకొమ్ము నాకించడం వలన మాటలు వస్తాయనడానికి ఆధారం లేదు. పైగా చంటిపిల్లలకు వాంతులు కావచ్చును. తేనెతో కలిపి పెట్టడం మరింత ప్రమాదకరం. ఏడాది నిండని బిడ్డకు తేనె ఇవ్వరాదు. నాలుక కింది పొర కారణంగా మాటలు రాకపోవడం అరుదు. పరీక్ష లేకుండా కోయించరాదు. బుడగలు, ఈలలు ఊదించినంత మాత్రాన ఉచ్చారణ బాగుపడదు. ఏ ధ్వని పలకదో ఆ ధ్వనినే మాటలలో సాధన చేయించాలి.

ఎక్కడికి వెళ్ళాలి?

2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద అంగన్‌వాడీలలో, ప్రభుత్వ బడులలో పిల్లలను పరీక్షించి, అవసరమైనవారిని జిల్లా సత్వర చికిత్సా కేంద్రానికి పంపుతారు. ఈ సేవ ఉచితం. తెలంగాణలోనూ మహారాష్ట్రలోనూ ఉన్నది.

ముంబయిలోని బాంద్రా రిక్లమేషన్‌లో అలీ యావర్ జంగ్ జాతీయ వాక్ శ్రవణ సంస్థ 1983 నుండి పనిచేస్తున్నది. భివండి నుండి ఠాణే చేరి, లోకల్ రైలులో దాదర్ వద్ద మారి బాంద్రాకు వెళ్ళవచ్చు. ఇదే సంస్థకు సికింద్రాబాదు మనోవికాస్ నగర్‌లో ప్రాంతీయ కేంద్రం కలదు. బిడ్డ ఊరిలో అమ్మమ్మ, నానమ్మల వద్ద పెరుగుతుంటే ఇది అనుకూలం.

మరాఠీ ఆసుపత్రిలో “శ్రవణ్ తపాసణీ” అంటే వినికిడి పరీక్ష, “వాచా ఉపచార్” అంటే వాక్ చికిత్స. వాక్, భాషా వైకల్యం 2016 వికలాంగుల హక్కుల చట్టంలోని 21 వైకల్యాలలో ఒకటి. కనుక అర్హత ఉన్న పిల్లలకు ధ్రువపత్రం కోరవచ్చు.

చికిత్స వారానికి ఒక గంట ఉండవచ్చు. మిగిలిన సమయమంతా బిడ్డ ఇంటివారి వద్దనే ఉంటాడు. స్నానం చేయించేటప్పుడు, అన్నం తినిపించేటప్పుడు థెరపిస్టు నేర్పిన సాధనను ఇంటి తెలుగులోనే చేయించాలి. సందేహం కలిగిన నెలలోనే పరీక్ష చేయించాలి. లోపం లేదని తేలితే నష్టమేమీ లేదు.